సైరను మూగవోరాదు

ఊరందరికి ఒక్క క్షణమున ఒకే మాట చెప్పవలసి వచ్చినపుడు ఏమి చేయవలెను? మనుష్యులు ఊళ్లు కట్టుకొన్ననాటినుండియు ఈ ప్రశ్న ఉన్నదే. తెలుగు పల్లెలలో దీనికి సమాధానము తప్పెట, దండోరా, గుడిగంట. పూజవేళ మ్రోగు గంట వేరు, నిప్పంటుకొన్న రాత్రి ఎడతెగక మ్రోగు గంట వేరు అని పసిపిల్లలకు సైతము తెలిసియుండెడిది. గంట ఒక్కటియే, మ్రోగించు తీరునుబట్టి దాని అర్థము మారెడిది. ఆ అర్థము ఏ గ్రంథమునందును వ్రాసియుండలేదు. ఊరివారందరి మనస్సులలో అది నిలిచియుండెడిది.

ఇరువదవ శతాబ్దమున పట్టణములలో ఆ గంట స్థానమును సైరను ఆక్రమించినది. అగ్నిమాపక కేంద్రముల మీదను, పురపాలక కార్యాలయముల మేడల మీదను, కర్మాగారముల కప్పుల మీదను దానిని నిలిపిరి. కాలక్రమమున వానిలో అనేకములు తుప్పుపట్టినవి. కొన్నింటి నోళ్లలో పక్షులు గూళ్లు కట్టినవి. 2025 మే 7వ తేదీన దేశమంతట పౌరరక్షణ అభ్యాసము జరిగినపుడు ప్రజలకు మరల సైరను జ్ఞప్తికి వచ్చెను. పౌరరక్షణకు ఎన్నుకొనబడిన 244 జిల్లాలను ఉద్దేశించిన ఆ అభ్యాసములో హైదరాబాదు, విశాఖపట్టణములు కూడ పాల్గొన్నవి. చేతిలో ఫోను ఉన్న ఈ కాలమున ఈ పాత ఇనుపయంత్రము వలన ప్రయోజనమేమి, దానిని కాపాడుటయనగా ఏమి కాపాడుట అన్న విచారణ అప్పటినుండి అవసరమైనది.

పేరు వెనుక కథ

సైరను అను పేరు గ్రీకు పురాణగాథలలోనిది. హోమరు మహాకవి ఒడిస్సీ కావ్యమున సైరనులు మధురగానముతో నావికులను ఆకర్షించి నాశనము చేయు మాయకన్యలు. 1819లో కాన్యార్ ద లా తూర్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రంధ్రములు గల బిళ్లను తిప్పుచు దానిగుండా గాలిని పంపి స్వరమును పుట్టించు పరికరమును నిర్మించెను. అది నీటిలోపల కూడ పలుకగలిగినందున దానికి సైరను అని పేరు పెట్టెను. అంతకు పూర్వమే, పదునెనిమిదవ శతాబ్దాంతమున, ఎడింబరో నగరమున జాన్ రాబిసన్ అను ఆచార్యుడు ఇట్టి ప్రయోగమొకటి చేసియుండెను. ఒక స్వరమునకు సెకనుకు ఎన్ని కంపనములో లెక్కించుటయే ఆనాడు ఆ పరికరమునకు గల పని. ప్రాణములు తీయు గానమునకు పెట్టిన పేరు తరువాతి కాలమున ప్రాణములు కాపాడు కేకకు సంక్రమించుట విచిత్రమే.

గాలిని కోయు చక్రము

సైరను పనిచేయు విధానము పాఠశాలలోని బాలునికి కూడ బోధపడునంత సులభము. సైకిలు చక్రపు చువ్వలకు తగులునట్లు అట్టముక్క నొకదానిని కట్టి తొక్కిన పిల్లలకు ఇది ముందే తెలిసినది. చక్రము మెల్లగా తిరిగినపుడు టకటకమను శబ్దము వేరువేరుగా వినబడును. వేగము హెచ్చినకొలది ఆ శబ్దములు కలిసిపోయి ఒక స్వరమగును. ఇంకను వేగము హెచ్చిన స్వరము పైకి పోవును.

సైరనులో అట్టముక్కకు బదులు గాలియే ఉన్నది. చుట్టును కిటికీలవంటి సందులు గల ఒక డోలు కదలక నిలిచియుండును. దాని లోపల అట్టి సందులే గల మరియొక డోలు మోటారు బలముతో తిరుగుచుండును. తిరుగు డోలు గాలిని లోనికి పీల్చి బయటికి నెట్టును. లోపలి సందు వెలుపలి సందునకు ఎదురైనపుడు గాలి ఒక్క ఊపున బయటపడును, తప్పినపుడు ఆగిపోవును. ఈ విధముగా గాలి సెకనుకు కొన్ని వందలసార్లు కోయబడుటచే ఆ పెద్ద కేక పుట్టును. డోలుకు పది సందులుండి అది సెకనుకు 48 మారులు తిరిగినయెడల సెకనుకు 480 కంపనముల స్వరము వచ్చును.

కొన్ని సైరనులలో ఒకవైపు పది సందులు, రెండవవైపు పన్నెండు సందులు ఉండును. అపుడు రెండు స్వరములు ఒకేసారి వినబడును. వాని నిష్పత్తి 5కు 6. సంగీతము నేర్చినవారు దీనిని వెంటనే గుర్తింపగలరు. అది షడ్జమునకు సాధారణ గాంధారమునకు గల దూరమే. సైరను కూతలో వినబడు జాలికి ఈ స్వరముల జతయు ఒక కారణము కావచ్చును.

మోటారునకు విద్యుత్తు ఆపినయెడల డోలు వేగము తగ్గి స్వరము దిగజారును. మరల విద్యుత్తు ఇచ్చిన పైకి లేచును. ఆపద సూచించు హెచ్చుతగ్గుల కూత ఇట్టి ఆపుట, ఇచ్చుట వలననే కలుగుచున్నది. ఇందు సున్నితమైన పరికరములేవియు లేవు. చేతితో త్రిప్పు సైరనులకు విద్యుత్తు కూడ అక్కరలేదు. ఒక మనుష్యుని భుజబలము చాలును. ఎనుబదియేండ్లనాటి సైరను ఇప్పటికిని పలుకగలుగుటకు ఈ నిరాడంబరతయే కారణము.

యుద్ధము నేర్పిన భాష

సైరను కూతకు ప్రజలందరికి తెలిసిన అర్థము ఏర్పడినది రెండవ ప్రపంచయుద్ధకాలమున. 1939 సెప్టెంబరు 3వ తేదీ ఉదయము బ్రిటిషు ప్రధాని చాంబర్లేను జర్మనీతో యుద్ధమారంభమైనదని రేడియోలో ప్రకటించిన కొలది నిమిషములకే లండను నగరమున సైరనులు మ్రోగినవి. ఆనాటి హెచ్చరిక పొరపాటున ఇచ్చినదే. కాని తరువాతి సంవత్సరములలో ఆ కూత లక్షల కుటుంబముల నిత్యజీవితములో భాగమయ్యెను. పెరుగుచు తరుగుచు సాగు కూత వినినచో ఆశ్రయమునకు పోవలెను. ఒకే స్వరమున నిలకడగా సాగు కూత వినినచో ఆపద తొలగినదని బయటికి రావలెను. అక్షరము రానివారు సైతము చదువగలిగిన రెండు మాటల భాష అది. మన దేశమునందును ఆ రెండు కూతలకు ఇవే అర్థములు స్థిరపడినవి.

తెలుగుదేశమునకు ఆ యుద్ధము దూరపు వార్తగా మిగిలిపోలేదు. 1942 ఏప్రిలు 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణము మీదను కాకినాడ మీదను బాంబులు వేసినవి. విశాఖలో పడి పేలకుండ మిగిలిన బాంబు నొకదానిని నేటికిని అక్కడి మ్యూజియమున చూడవచ్చును. స్వాతంత్ర్యానంతరము 1962, 1965, 1971 సంవత్సరముల యుద్ధములు పౌరరక్షణ అవసరమును మరల జ్ఞప్తికి తెచ్చినవి. 1968లో పౌరరక్షణ చట్టము వచ్చెను. 1971 డిసెంబరులో ఘాజీ అను పాకిస్తాను జలాంతర్గామి విశాఖ రేవు సమీపమున మునిగిపోయిన దినములలో ఆ నగరవాసులు దీపములార్పి రాత్రులు గడపిరి.

శాంతికాలమున కూడ సైరను పూర్తిగా నిద్రపోలేదు. ప్రతి సంవత్సరము జనవరి 30వ తేదీన, గాంధీ మహాత్ముడు నేలకొరిగిన దినమున, సైరను గల చోట్ల ఉదయము 10 గంటల 59 నిమిషములనుండి 11 గంటలవరకు దానిని మ్రోగించి, అమరవీరుల స్మృతికి రెండు నిమిషములు మౌనము పాటింపవలెనని, మరల 11 గంటల 2 నిమిషములకు మ్రోగించి మౌనమును ముగింపవలెనని కేంద్ర ప్రభుత్వము ఆదేశించుచున్నది. హైదరాబాదు పాతనగరమున రంజాను నెలలో ఉపవాసము విడుచు వేళను సైరను తెలుపుట చిరకాలపు ఆచారము.

దించినవారు, మరల నిలిపినవారు

ప్రచ్ఛన్నయుద్ధము ముగిసిన పిమ్మట సైరనుల అవసరము తీరినదని అనేక దేశములు తలచినవి. బ్రిటను తన జాతీయ సైరనుల వ్యవస్థను 1990 తరువాతి తొలి సంవత్సరములలో రద్దుచేసెను. జర్మనీలో కేంద్ర ప్రభుత్వము సైరనుల భారము వదలుకొనగా అనేక నగరములు వానిని దించివేసినవి. దించిన వానిలో కొన్ని పాత ఇనుము క్రింద అమ్ముడుపోయినవి. కొన్నింటిని మ్యూజియములును, యంత్రాభిమానులును సేకరించి నడుపుచున్నారు. 1952లో అమెరికాలో క్రైస్లరు సంస్థ నిర్మించిన సైరను అట్టి వానిలో ప్రసిద్ధమైనది. మోటారుకారు ఇంజనుతో 180 అశ్వశక్తుల బలమున నడుచు ఆ యంత్రపు ధ్వని నూరడుగుల దూరమున 138 డెసిబెలులు. అది చెవికి హాని కలిగించు ధ్వని. దానిని మరల నడుపువారు చెవులు కప్పుకొని, ఊరిలోని అధికారుల అనుమతితో మాత్రమే నడుపవలసియుండును.

అయితే కొన్ని చోట్ల సైరనులు చూపుడు వస్తువులు కాలేదు. ఇంగ్లండులో కాల్డరు లోయయందలి చిన్న పట్టణములు వాటిని వరదల హెచ్చరికకు నిలుపుకొన్నవి. 2015 డిసెంబరు 26వ తేదీన నది పొంగినపుడు అవి మ్రోగినవి. స్విట్జర్లండులో దాదాపు 7,200 సైరనులున్నవి; ప్రతి ఫిబ్రవరి మొదటి బుధవారమున వానిని పరీక్షింతురు. నెదర్లాండ్సులో ప్రతి నెల మొదటి సోమవారము మధ్యాహ్నము పరీక్షించు పద్ధతి ఏర్పడెను.

జర్మనీకి పాఠము కఠినముగా వచ్చెను. 2020 సెప్టెంబరులో దేశమంతట హెచ్చరికల పరీక్ష జరుపగా ఫోనులకు పంపిన సందేశములు ఆలస్యముగా చేరినవి. పది నెలలైన పిమ్మట, 2021 జూలైలో, ఆర్ నది లోయలో రాత్రివేళ వరద వచ్చి నూటముప్పదిమందికి పైగా మరణించిరి. తదుపరి ఆ ప్రభుత్వము ఫోను హెచ్చరికలను చక్కదిద్దుటతోపాటు సైరనులను మరల నిలుపుటకు ధనము కేటాయించెను.

ఫోనుండగా సైరనెందుకు?

ఈ ప్రశ్నకు విశాఖయే ఒక సమాధానమిచ్చినది. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను ఆ నగరమును తాకినపుడు విద్యుత్తు పోయెను, ఫోనులు మూగవోయినవి. ఆపద రాకపూర్వము ఫోను మిక్కిలి ఉపకారి. ఏ తుపాను, ఎంత దూరమున ఉన్నది, ఎక్కడికి పోవలెను అన్నదంతయు అది చెప్పగలదు, సైరను చెప్పజాలదు. కాని ఫోను నిద్రించువారిని లేపునని నమ్మకము లేదు. అది పొలములో పనిచేయువాని చేత ఉండకపోవచ్చును. దానిలో విద్యుత్తు అయిపోయియుండవచ్చును. సైరనుకు చిరునామా అక్కరలేదు. వినబడినంత మేర ధనికులకు, పేదలకు, ఊరివారికి, బాటసారికి ఒక్కతీరుగా చెప్పును. లేపుట సైరను పని; వివరించుట ఫోను, రేడియోల పని. ఇందు ఒకటి మరియొకదానికి బదులు కాజాలదు.

ఒరిస్సా తీరము ఈ రెండింటిని జోడించినది. 2018లో ఆ రాష్ట్రము గంజాం మొదలు బాలేశ్వరమువరకు ఆరు తీరజిల్లాలలో 122 హెచ్చరిక గోపురములను నెలకొల్పెను. అందు గంజాం మన శ్రీకాకుళమునకు పొరుగుజిల్లా. తెలుగు కుటుంబములు అనేకము అక్కడ నివసించుచున్నవి. ఆ గోపురములనుండి సైరనును మ్రోగించుటయే గాక మాటలు కూడ వినిపింపవచ్చును. 2019 మే 3వ తేదీన ఫణి తుపాను పూరీవద్ద తీరము దాటుటకు ముందు పదిలక్షలకు పైగా జనులను సురక్షితస్థలములకు తరలించిరి. అది సైరను ఒక్కదాని ఘనత కాదు. సైరను, సందేశము, తుపాను ఆశ్రయములు, ఇంటింటికి తిరిగిన కార్యకర్తలు కలిసి సాధించిన పని అది. 1977 నవంబరు 19వ తేదీనాటి దివిసీమ ఉప్పెనలో వేలకొలది ప్రాణములు కోల్పోయిన తెలుగువారికి దీని విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

ఉండియు మ్రోగని సైరనులు

సైరను లేకపోవుట ఒక లోపము. ఉండియు మ్రోగకపోవుట అంతకంటె పెద్ద లోపము. 1984 డిసెంబరు 2వ తేదీ అర్ధరాత్రి దాటిన పిమ్మట భోపాలులోని యూనియన్ కార్బైడు కర్మాగారమునుండి విషవాయువు వెలువడెను. ఆ కర్మాగారమున లోపలివారికి ఒక సైరను, ఊరివారికి ఒక సైరను ఉండెను. చిన్నచిన్న లీకులకు ప్రజలు భయపడకుండుటకై రెండింటిని 1982లో వేరుచేసిరి. ఆ రాత్రి ఊరి సైరను కొద్దిసేపు మ్రోగి వెంటనే ఆపివేయబడెను. లోపలివారికి ఆపద తెలిసియుండగా వెలుపలి బస్తీలు నిద్రలో ఉన్నవి. మృతులు వేలకొలది.

ముప్పదియయిదు సంవత్సరములైన పిమ్మట విశాఖపట్టణమున ఇట్టిదే జరిగెను. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురమువద్ద ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారమునుండి స్టైరీను ఆవిరి వెలువడి పన్నెండుమంది మరణించిరి. వందలకొలది జనులు ఆసుపత్రుల పాలైరి. రాష్ట్ర ప్రభుత్వము నియమించిన ఉన్నతాధికార సంఘము ఆ జూలైలో నివేదిక సమర్పించెను. కర్మాగారమున 36 చోట్లనుండి అపాయసూచిక మ్రోగించుటకు వీలుండియు ఆ తెల్లవారుజామున సైరను వాడలేదని అందు తేల్చిరి. సరిగా అయిదేండ్లకు, అదే మే 7వ తేదీన, అదే నగరమున పౌరరక్షణ అభ్యాసపు సైరను మ్రోగినది. ఆ కూతను వెంకటాపురపు దుఃఖముతో కలిపి తలచుకొన్నపుడుగాని అభ్యాసమునకు పూర్ణార్థము సిద్ధింపదు.

ఈ రెండు కథలలోను లోపము ఇనుములో లేదు. మ్రోగింపవలసిన వాడెవడు, ఎవరి అనుమతికై ఎదురుచూడక మ్రోగించు అధికారము అతనికి కలదా అన్నదే ప్రశ్న. జనులు బెదరుదురేమోయని సైరనును ఆపిన చోట జనులు తెలియక మరణించిరి.

మ్రోగియు బోధపడని సైరను

మ్రోగినంత మాత్రమున కూడ పని పూర్తికాదు. 1960 మే 22వ తేదీన చిలీ దేశమున మహాభూకంపము సంభవించెను. సముద్రపు ఉప్పెన పసిఫిక్కు దాటి వచ్చుచున్నదని తెలిసి హవాయి దీవులలోని హీలో పట్టణమున ఆ రాత్రి ఎనిమిదిన్నర గంటల వేళ సైరనులు మ్రోగించిరి. అలలు రావుటకు ఇంకను గంటల వ్యవధి ఉండెను. అయినను అనేకులు కదలలేదు. ఆ కూత మొదటి హెచ్చరికయా, చివరి హెచ్చరికయా అన్నది వారికి స్పష్టము కాలేదు. మరల మ్రోగునని కొందరు వేచియుండిరి. అర్ధరాత్రి దాటిన పిమ్మట వచ్చిన అల 61 మందిని బలిగొనెను.

2023 ఆగస్టు 8వ తేదీన అదే దీవులలోని లహైనా పట్టణమును కార్చిచ్చు దహించినపుడు సైరనులు మ్రోగించనేలేదు. అక్కడ సైరను అనగా ఉప్పెన అనియే జనుల తలపు. మ్రోగినయెడల వారు కొండవైపు, అనగా మంటవైపు, పరుగెత్తియుందురని అధికారి సమర్థించుకొనెను. ఆ సమాధానము అనేకులకు నచ్చలేదు. అతడు పదవి విడిచెను. నూరుమందికి పైగా మరణించిన ఆ ఘటన నేర్పిన పాఠమొక్కటే. ఒక కూతకు ఊరు నేర్చిన అర్థము ఎంత మేరకో, ఆ కూత ప్రయోజనము కూడ అంతమేరకే.

ఎట్లు కాపాడవలెను?

కావున పాత సైరనును కాపాడుటయనగా రంగువేసి గాజుపెట్టెలో నిలుపుట మాత్రమే కాదు. చరిత్ర జ్ఞాపకార్థము కొన్నింటిని మ్యూజియములలో ఉంచుట మంచిదే. కాని పలుకగల సైరనును పలికించుటయే దానికి నిజమైన సంరక్షణ. కదలక ఉన్న సైరనుకు తేమ మొదటి శత్రువు. తిరుగు డోలుకు, నిలుచు డోలుకు మధ్యనుండు సందు మిక్కిలి సన్నము. కొద్దిపాటి తుప్పు పట్టినను, పక్షి గూటి పుల్ల చిక్కినను చక్రము బిగిసిపోవును. నెలకొకమారు నడపినచో ఆ లోపము ఆనాడే బయటపడును. నడపనిచో ఆపద వచ్చిన రాత్రి బయటపడును.

ప్రతి పురపాలక సంఘము తన ఊరిలోని సైరనులెన్ని, అవి ఎక్కడ ఉన్నవి, ఎంత దూరము వినబడుచున్నవి అన్న జాబితా వ్రాసి ఉంచవలెను. విద్యుత్తు పోయిన వేళకు చేతిసైరను నొకదానిని సిద్ధముగా ఉంచవలెను. పరీక్షకు దినమును వేళను నిర్ణయించి ముందుగా ప్రకటింపవలెను. ఏ కూతకు ఏమి చేయవలెనో గోడలమీద తెలుగులోను, ఉర్దూలోను, ఆ ఊరివారు చదువు ఇతర భాషలలోను వ్రాయింపవలెను. విషవాయువు వచ్చినపుడు చేయవలసిన పనియు, వరద వచ్చినపుడు చేయవలసిన పనియు ఒకటి కాదు కనుక, కర్మాగారముల చెంతను ఆనకట్టల దిగువను ఉన్నవారికి వారి ఆపదను బట్టి ప్రత్యేకముగా నేర్పవలెను. 2014 జూన్ 8వ తేదీన హిమాచల ప్రదేశమున బియాస్ నదిలో, ఎగువ ఆనకట్టనుండి విడిచిన నీటిలో హైదరాబాదునుండి విహారయాత్రకు పోయిన 24 మంది విద్యార్థులు కొట్టుకొనిపోయిరి. ఆ పిల్లల స్మృతి దృష్ట్యానైనను నదీతీరమున హెచ్చరిక కూత అనగా ఏమో మన బడిపిల్లలందరికి తెలిసియుండవలెను.

బడి చేయదగిన పని

పూర్వము గుడిగంట అర్థమును ఊరు పిల్లలకు నేర్పెను. నేడు ఆ పని బడి చేయవలసియున్నది. భౌతికశాస్త్రపు తరగతిలో ధ్వనిని బోధించునపుడు సైరను కంటె చక్కని ఉదాహరణ దొరకదు. సాంఘికశాస్త్రపు తరగతిలో 1942, 1971 సంవత్సరముల ముచ్చటలను ఊరి పెద్దలనుండి పిల్లలచేత వ్రాయింపవచ్చును. చెవి వినబడని వృద్ధులు, బధిరులు వీధిలో ఎవరెవరున్నారో తెలిసికొని, కూత వినినపుడు వారిని పిలువవలసిన ఇల్లు ఏదో ముందుగా నిర్ణయించుట పిల్లలు సులభముగా చేయగల సేవ.

దీనికి ప్రత్యేక ధనము అక్కరలేదు. దినము కూడ ముందే నిర్ణయమైయున్నది. వచ్చు జనవరి 30వ తేదీ ఉదయము 11 గంటలకు ప్రతి బడిలోను పిల్లలు మౌనముగా నిలుచుందురు. ఆ మౌనమునకు ముందు ఊరి సైరను వినబడినదా, లేదా? వినబడినచో ఏ దిక్కునుండి వచ్చినది? వినబడనిచో ఆ యంత్రము ఇపుడెక్కడ ఉన్నది? ఉపాధ్యాయుడు ఈ మూడు ప్రశ్నలు అడిగి, పిల్లలు తెచ్చిన సమాధానములను పురపాలక కార్యాలయమునకు వ్రాసి పంపినయెడల, ఆ ఊరి సైరనుకు ఆనాటినుండి సంరక్షకులు ఏర్పడినట్లే.